పన్నెండో ఎలుక

జంతిక మళ్ళీ కక్కేసింది.

మంగళవారం మధ్యాహ్నం మింగిన ఎలుక బుధవారం మధ్యాహ్నానికల్లా పెట్టె మూలలో పడి ఉంది. బొచ్చు తడిసిపోయి, సగం కరిగి, గదిలో నిలబడలేనంత కంపు. హైమవతి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పొడుగు పట్టకారుతో దాన్ని తీసి కాగితంలో చుట్టింది. ఇది మూడోసారి. మొదటిసారి పోనీలే అనుకుంది. రెండోసారి తన చేతిలోనే ఏదో లోపం ఉందనుకుంది. మూడోసారి కూడా అలా సరిపెట్టుకోవడానికి ఆవిడేమీ అంత అమాయకురాలు కాదు. ఇంట్లో ఎవరో ఏదో చేస్తున్నారు.

జంతిక అంటే పాము. ఏడాదైనా నిండని పరదేశపు కొండచిలువ పిల్ల. చుట్టలు చుట్టుకుని పడుకుంటే అచ్చం జంతికలా ఉందని పన్నెండేళ్ళ ఇందుప్రియ ఆ పేరు పెట్టింది. వీధిలోవాళ్ళంతా "వీళ్ళకిదేం సరదా తల్లీ!" అని బుగ్గలు నొక్కుకునేవారు. సరదానట, సరదా! ఆ పాము తిని అరిగించుకుంటేనే హైమవతి కూతురు బతుకుతుంది.

ఇందుకి తొమ్మిదో ఏట పేగు మెలికపడింది. ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది. కుళ్ళిన పేగంతా కోసేస్తే మిగిలింది రెండు జానలు. ఏం తిన్నా ఒంటబట్టదు. ఛాతీలో పెట్టిన గొట్టంలోంచి రోజుకి పన్నెండు గంటలపాటు పాలలాంటి తెల్లటి మందు ఎక్కించాలి. ఆ మందే పిల్ల ప్రాణం నిలబెడుతోంది, ఆ మందే కాలేయాన్ని తినేస్తోంది. ఇలాగే సాగితే మహా అయితే రెండేళ్ళు అన్నారు.

అలాంటి సమయంలో దొరికాడు డాక్టర్ త్రినాథ్. కాకినాడలో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటి తీసుకుని ప్రయోగశాల పెట్టుకున్నాడు. కొండచిలువ పస్తున్నంతకాలం దాని పేగులు ముడుచుకుని నిద్రపోతాయి. ఎలుక లోపలికి దిగిందా, రెండు మూడు రోజుల్లో రెండింతలవుతాయి. వాటిని నిద్రలేపే పదార్థమేదో రక్తంలోకి దిగుతుంది. పాము గుడ్డులో ఉండగానే త్రినాథ్ కొన్ని మార్పులు చేసి, ఆ పదార్థం మనిషి పేగుని కూడా లేపేలా చేశాడు. దానికి మేలుకొలుపు అని పేరు పెట్టుకున్నాడు. పాము తిన్న మూడో రోజున తోక దగ్గర రెండు చుక్కల రక్తం తీసి, అరచేతిలో పట్టే యంత్రంలో వేస్తే మేలుకొలుపు వేరుపడుతుంది. గంట దాటితే పనికిరాదు. అందుకే ఏ పిల్ల పాము ఆ పిల్ల ఇంట్లోనే ఉండాలి, లేదా పిల్లే వచ్చి ప్రయోగశాల పక్కన ఉండాలి. పదకొండు పాముపిల్లల్లో ఇందు ఒంటికి సరిపడింది జంతిక ఒక్కటే.

పన్నెండు ఎలుకలు, పన్నెండు మోతాదులు. అదీ ఏర్పాటు. ఏడింటిదాకా సాఫీగా జరిగింది. పేగు నాలుగు జానలైంది. ఒక ఉదయం ఇందు ఇడ్లీ తిని, దాన్ని అరిగించుకుంది కూడా. ఆ రోజు హైమవతి వంటింట్లో స్టవ్ పక్కన కూలబడి సంతోషంతో భోరున ఏడ్చింది. ఎనిమిదో ఎలుక దగ్గర మొదలైంది ఈ వాంతుల గొడవ.

ఆవిడ అన్నీ చూసింది. పెట్టె కింద వేడి పలక ముప్ఫై ఒక్క డిగ్రీల దగ్గరే ఉంది. నీళ్ళు తాజావే. ఎలుక పాము నడుముకంటే లావుగా లేదు. మింగాక రెండు రోజులు ఎవరూ ముట్టుకోకూడదు, ఆ సంగతి ఇంట్లో అందరికీ వందసార్లు చెప్పింది. మరి ఎందుకు కక్కుతోంది? వంగి నేల తుడవబోతుంటే పెట్టె ముందు గచ్చు మీద చిన్న తెల్ల మరక కనిపించింది. నాగుల చవితి వెళ్ళి పది రోజులే అయింది. హైమవతికి ఒళ్ళు మండిపోయింది.

"అత్తయ్యా, ఇలా ఒకసారి రండి."

నరసమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చేట పట్టుకునే వచ్చింది.

"ఈ మరకేంటి?"

"నన్నడుగుతావేంటి? గచ్చునడుగు."

"జంతికకి పాలు పోశారా?"

"పోశాను. చవితి నాడు. నాగేంద్రుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఊరవతల పుట్ట దాకా ఎందుకని, పెట్టె ముందు గిన్నెలో పోసి దణ్ణం పెట్టుకున్నాను. తప్పా?"

"పెట్టెలో పోశారా అని అడుగుతున్నాను."

"ముందు అన్నానే, ముందు! చెవులు పనిచేత్తన్నాయా నీకు?"

"పాము పాలు తాగదండీ. తాగించామంటే కడుపు పాడైపోతుంది. మీకు ఎన్నిసార్లు చెప్పాను!"

నరసమ్మ చేట కింద పెట్టేసింది. "నా మనవరాలి ప్రాణం దాని కడుపులో ఉంది హైమా. ఎలుకలు పెట్టే ఫ్రిజ్జు ఇంట్లో ఉన్నా నోరు మూసుకుని అన్నం తింటన్నాను. అలాంటిది నేను దానికి చెడు చేత్తానా?" అంది. ముసలావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

హైమవతి కరగలేదు. తను రోజూ తడిగుడ్డ పెట్టే నేల మీద చవితి నాటి మరక ఇన్నాళ్ళు ఎలా ఉంటుంది? ఇది నిన్నటిదో ఇవాళ్టిదో. ఆవిడ మనసులో అత్తగారి పేరు పక్కన గీత పడిపోయింది.

మర్నాడు ఉదయం కక్కిన ఎలుకని ఐసు పెట్టెలో పెట్టుకుని ఆటో ఎక్కింది. త్రినాథ్ దాన్ని పళ్ళెంలో వేసి కోసి, అరగంట సేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎలుకలో ఏ దోషమూ లేదు. అరగడం మొదలయ్యాక బయటికొచ్చింది. అంటే పాముని ఎవరో కదిపారు."

"మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరండీ."

"ముట్టుకున్నారు. హైమగారూ, జాగ్రత్తగా వినండి. కక్కిన ప్రతిసారీ కడుపులో ఆమ్లం దాని గొంతు కాల్చేస్తుంది. నాలుగోసారి కక్కితే అది బతకదు. రెండు వారాలు నీళ్ళు తప్ప ఏమీ పెట్టకండి. తర్వాత బాగా చిన్న ఎలుక, బొచ్చు సరిగా రానిది, ఒక్కటి పెట్టండి. ఈలోగా ఆ చెయ్యి ఎవరిదో కనుక్కోండి."

గోడ వారగా అద్దాల పెట్టెలు వరసగా ఉన్నాయి. అంతకుముందు వచ్చినప్పుడు అన్నింట్లోనూ పాములుండేవి. ఇప్పుడు కొన్ని ఖాళీగా ఉన్నాయి.

"అవేమయ్యాయండీ?" అంది హైమవతి.

త్రినాథ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వాళ్ళకి పన్నెండూ పూర్తయ్యాయి. ఒకమ్మాయి మొన్న బిర్యానీ తిన్నానని ఫొటో పంపింది."

అది విని సంతోషించాల్సిన మనిషి తల దించుకుంది. ఎందుకు దించుకుందో కాసేపట్లో తెలుస్తుంది.

ఆ రెండు వారాలు హైమవతికి కనిపించిన ప్రతివాడూ దొంగే. పనిమనిషి ఆ గదిలో ఎందుకు అంతసేపు ఊడ్చింది? గ్యాస్ అబ్బాయి కిటికీలోంచి ఎందుకు తొంగి చూశాడు? త్రినాథే ఏదైనా చేస్తున్నాడేమో, పాము చచ్చిపోతే ఆయనకేం కలిసొస్తుంది? పారాదీప్ ఓడరేవులో పనిచేసే భర్త శేషగిరికి ఫోన్ చేసి ఇదంతా చెబితే, ఆయన "నువ్వు మరీ అనుమానపు పక్షివైపోతున్నావు హైమా" అన్నాడు. అంతే, భర్త మీద కూడా అనుమానం వచ్చింది, ఏం తెలిసి అంత నిబ్బరంగా ఉన్నాడా అని.

పదిహేనో రోజున చిన్న ఎలుకని ఫ్రిజ్జులోంచి తీసి, గోరువెచ్చని నీళ్ళలో మెత్తబడేదాకా ఉంచింది. తుడిచి, పట్టకారుతో పట్టుకుని పెట్టెలోకి దించింది. జంతిక తల పైకెత్తింది. నాలుక రెండుసార్లు ఆడించింది. చటుక్కున అందుకుని చుట్టేసింది. ఇందు గుమ్మంలో నిలబడి చూస్తోంది. భుజాన మందు సంచి, చొక్కాలోకి వెళ్ళే గొట్టం.

"తింటోందా అమ్మా?"

"తింటోంది తల్లీ. ఈసారి ఎవరూ కదపకుండా చూస్తాను."

పిల్ల భుజాన సంచి సర్దుకుంది. లోపలికి వెళ్ళిపోయింది.

హైమవతి ముగ్గు డబ్బా తెచ్చుకుంది. పెట్టె చుట్టూ నేల మీద ఆరు రేకుల పద్మాలు కలుపుతూ, చెయ్యి చాస్తే చెరిగిపోయేంత దగ్గరగా వేసింది. రెండు వేళ్ళ సందునుంచి జారిన పిండి జంట గీతలా సన్నగా పడుతుంది. ఆ గీత వెయ్యడం నేర్చుకోడానికి ఆవిడకి పదేళ్ళు పట్టింది. మళ్ళీ అలాంటిదే వెయ్యడం అంత తేలిక కాదు. నరసమ్మ గుమ్మంలోంచి చూసి, "పాముకి ముగ్గేంటే, పండగా?" అంది. ఆవిడ మొహంలో ఏమైనా మారుతుందేమోనని హైమవతి రెప్ప వెయ్యకుండా చూసింది. ఏమీ మారలేదు.

నాలుగింటికి వచ్చి చూస్తే ముగ్గు చెక్కుచెదరలేదు. కానీ కూర్చుని, తల వంచి చూసింది. కిటికీ వైపున ఒక్క పద్మం తనది కాదు. రేకులు ఆరే ఉన్నాయి. గీత మాత్రం ఒంటి గీత, లావుగా, వణుకుతూ. చెరిగితే మళ్ళీ వేశారు. అత్తగారు వేస్తే ఎనిమిది రేకులు వేస్తుంది, ఆవిడ చెయ్యి వణకదు కూడా. పనిమనిషికి ముగ్గే రాదు. ఈ ఇంట్లో ఆరు రేకులు నేర్చుకుని, ఇంకా జంట గీత చేతకాని మనిషి ఒక్కరే ఉన్నారు. నేర్పింది తనే.

 హైమవతి లేచి గది తలుపు దగ్గరగా వేసింది. పాము కక్కలేదు, అది చాలనుకుంది. మర్నాడు ఉదయం సంచి పట్టుకుని "రైతుబజారుకెళ్తున్నా" అని గట్టిగా చెప్పి, వీధి తలుపు వేసి, చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి దారిన లోపలికొచ్చింది.

ఇందు పెట్టె దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. చెయ్యి మూత మీద ఉంది.

"ఇందూ!"

పిల్ల ఉలిక్కిపడి లేచింది. ఆ విసురుకి సంచి గొట్టం దగ్గర బిరడా కదిలి, తెల్లటి చుక్క ఒకటి గచ్చు మీద పడింది. హైమవతి ఆ చుక్కని చూసింది. పాలు కావు. అత్తగారిని ఎన్ని మాటలంది!

"ఎందుకే? ఇదంతా నీ కోసమే కదే!"

"నువ్వే చెప్పావుగా, కదిపితే కక్కేస్తుందని."

"ఇంకోసారి కక్కితే చచ్చిపోతుందే, పిచ్చిదానా!"

ఇందు పెట్టె వంక చూసింది. "చచ్చిపోతుందా? నాకు తెలీదు." తర్వాత తల్లి మొహంలోకి సూటిగా చూసింది. "తింటే మాత్రం బతుకుతుందా?"

హైమవతి చేతిలోని చెప్పులు కింద పెట్టింది.

"బీరువాలో నీ పట్టుచీర కింద కాగితాలు చదివాను. ఏడో పేజీ. పన్నెండో భోజనమైన మూడవ దినమున దాత సరీసృపము యొక్క పేగును సంపూర్ణముగా సేకరించవలెను. దాత అంటే జంతికేగా? కింద నీ సంతకం ఉంది. పన్నెండు అవ్వకుండా ఉంటే చాలనుకున్నాను. నిన్న కూడా కదుపుదామనే వచ్చాను. ఎలుక చిన్నదిగా ఉంది, పాపం అనిపించి వెళ్ళిపోయాను."

ఇదీ హైమవతి తల దించుకోవడానికి కారణం. చివరి మోతాదుకి రెండు చుక్కల రక్తం చాలదు. పాము పేగంతా కావాలి. అది లేకపోతే పెరిగిన పేగు మళ్ళీ ముడుచుకుపోతుందని త్రినాథ్ మొదటి రోజే చెప్పాడు. ఆవిడ ఆలోచించకుండా సంతకం పెట్టింది. ఏ తల్లి పెట్టదు? పెట్టి, కూతురికి చెప్పకుండా, "నీ జంతికకి నువ్వే పేరు పెట్టమ్మా" అంది. పదిహేను రోజులుగా ఇంటిల్లిపాదినీ అనుమానిస్తూ తిరిగింది. ఆ రోజులన్నీ ఈ పిల్ల తనని అనుమానిస్తూ కూర్చుంది.

మూడో రోజు మోతాదు సవ్యంగా పడింది. నాలుగో రోజు హైమవతి మళ్ళీ ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళింది.

"పాముని చంపకపోతే ఏమవుతుందండీ?"

"చెప్పానుగా. పేగు ముడుచుకుంటుంది."

"ముడుచుకుంటే మళ్ళీ ఎలుక పెడతాం. మళ్ళీ రెండు చుక్కలు తీస్తాం. మళ్ళీ పెరగదా?"

"పెరుగుతుంది" అని త్రినాథ్ కళ్ళజోడు సర్దుకున్నాడు. 

"ఈ జాతి ఎన్నేళ్ళు బతుకుతుంది?"

"బాగా చూసుకుంటే ముప్ఫై."

"ఇదంతా నాకు ముందే ఎందుకు చెప్పలేదు మీరు?"

"అది వైద్యం కాదమ్మా, కాపురం!" త్రినాథ్ గొంతు పెంచాడు. "పాము తింటేనే మీ అమ్మాయి తినగలదు. అది పస్తుంటే ఈమె పస్తు. చలికాలంలో ఇవి నెలల తరబడి నోరు తెరవవు. అప్పుడేం చేస్తారు? ఒక్క పాము పోతే జీవితాంతం అన్నం తింటుంది. నేను దాచింది మీ మేలు కోరే."

"ఆ మాట మా పిల్లతో చెప్పి, అదేమంటే అది చేస్తాను."

"సరే. మనసు మారితే ఫోన్ చెయ్యండి. ఎప్పుడైనా వస్తాను."

ఇందు విని ఒక్కటే అడిగింది. "జంతికని చంపనని ఒట్టేస్తావా?" హైమవతి కూతురి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, అత్తగారి పక్కన కూర్చుని, "నన్ను క్షమించండి అత్తయ్యా, ఆ మరక మీది కాదు" అంది. నరసమ్మ "తెలుసులే. ముందు ఆ కత్తిపీట ఇలా జరుపు" అని ఊరుకుంది.

తొమ్మిది, పది, పదకొండు. మూడు ఎలుకలూ జంతిక కడుపులో నిలిచాయి. ఇందు పప్పన్నం తింది, దోసకాయ తింది, ఓ ఆదివారం రొయ్యల వేపుడు కూడా రుచి చూసింది. మందు సంచి రోజుకి నాలుగు గంటలకి తగ్గింది. బుగ్గలు వచ్చాయి. నరసమ్మ దిష్టి తీయని రోజు లేదు.

పన్నెండో ఎలుకని జంతిక ముట్టలేదు.

చలి మొదలైంది మరి. హైమవతి ఎలుకని ఇంకాస్త వెచ్చజేసి చూసింది. పెట్టె మీద దుప్పటి కప్పి చీకటి చేసింది. మలబద్ధకమేమోనని పామును గోరువెచ్చని నీళ్ళలో పావుగంట ఉంచింది. వారానికోసారి కొత్త ఎలుక, వారానికోసారి అదే తంతు. జంతిక తల తిప్పుకుని మూలకి వెళ్ళి చుట్ట చుట్టుకునేది. దానికేం జబ్బు లేదు, చలికాలం కాబట్టి తినడం లేదు. కానీ ఇక్కడ పిల్ల కడుపులో అన్నం నిలవడం మానేసింది. తిన్నది తిన్నట్టే పోతోంది. మందు సంచి మళ్ళీ పన్నెండు గంటలైంది. బుగ్గలు పోయాయి. ఐదు వారాలు దాటేసరికి కళ్ళలో పచ్చదనం కూడా వచ్చింది.

"అదే తింటుందిలే అమ్మా" అనేది ఇందు. పాముకి నచ్చజెప్పినట్టే తల్లికీ నచ్చజెప్పేది.

హైమవతి ఎంతకని ఓర్చుకుంటుంది? ఓ మధ్యాహ్నం బట్టలు ఆరేసే నెపంతో డాబా ఎక్కి త్రినాథ్‌కి ఫోన్ చేసింది. "రండి" అంది.  "రేపు పదకొండింటికి. తినకపోయినా దాని పేగు ఎంతోకొంత పనికొస్తుంది" అన్నాడాయన.

మర్నాడు పదకొండుకి ఇంకా పది నిమిషాలుండగా, ఇందు గదిలోంచి మెల్లగా పిలిచింది. "అమ్మా, వాసన చూస్తోంది. మామ్మా, చప్పుడు చెయ్యకు."

ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. జంతిక ఇందు పట్టుకున్న పట్టకారు చివరనున్న ఎలుక చుట్టూ ఒకసారి తల తిప్పింది. ఆగింది. ఒక్క విసురుతో అందుకుంది. నరసమ్మ రెండు చేతులూ జోడించింది. ఎలుక తల లోపలికి పోయిందో లేదో, వీధి గంట మోగింది.

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. గేటు దగ్గర త్రినాథ్ నిలబడి ఉన్నాడు, చేతిలో తెల్లటి ఐసు పెట్టె. ఇందు ఆ పెట్టెని చూసి, తల్లిని చూసింది.

హైమవతి పరుగున వెళ్ళింది. "తింటోందండీ! వెళ్ళిపోండి."

"మంచిదేగా. పన్నెండోది. మూడో రోజున వస్తాను."

"రావద్దు."

"ఒక్క చలికాలానికే నాకు ఫోన్ చేశారు మీరు" అన్నాడు త్రినాథ్. కోపంగా అనలేదు, జాలిగానే అన్నాడు. "ఇలాంటివి ఇంకా ముప్ఫై చూడాలి."

ఆవిడ గేటు వేసేసింది. తిరిగొచ్చేసరికి ఎలుక తోక మాత్రమే బయటికి కనిపిస్తోంది.

"నువ్వే రమ్మన్నావా?" ఇందు వెనక్కి తిరగకుండానే అడిగింది.

అబద్ధం చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "ఆఁ" అంది హైమవతి.

ఆ రెండు రోజులూ పిల్ల ఆ గది వదల్లేదు. తల్లితో ఒక్క మాట లేదు. పెట్టెకి చేరబడే కూర్చుంది. మూడో రోజు ఉదయం హైమవతి సూది తెస్తే, పాము తోకని తనే పట్టుకుంది. రెండు చుక్కలు తీసి సూది పక్కన పెట్టేదాకా తల్లి చేతుల మీంచి చూపు తిప్పలేదు. యంత్రం తన పని చేసింది. మేలుకొలుపు గొట్టంలోంచి పిల్ల ఒంట్లోకి దిగింది.

మధ్యాహ్నం రెండింటికి ఇందు కడుపు మీద చెయ్యి వేసుకుంది. "ఆకలేస్తోంది" అంది.

నలభై రోజుల తర్వాత విన్న మాట! హైమవతి వంటింట్లోకి ఎలా వెళ్ళిందో ఆవిడకే తెలియదు. వేడన్నం, ముద్దపప్పు, చెంచాడు నెయ్యి. మెత్తగా కలిపి, మొదటి ముద్ద చేసి, కంచం పట్టుకుని వచ్చి కూతురి ఎదుట కూర్చుంది.

ఇందు ముద్దని చూసింది. నోరు తెరవలేదు.

"అందులో ఏం కలిపావు?"

"నెయ్యేనే, తల్లీ."

"ఇంకేం కలపలేదా? తిని నిద్రపోతే మళ్ళీ ఆయన్ని పిలవ్వుగా?"

హైమవతి ఆ ముద్ద తన నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. పిల్ల చూస్తూనే ఉంది. ఇంకో ముద్ద చేసి అందించబోతే, ఇందు తల అడ్డంగా ఊపింది.

"మామ్మని కలపమను."

నరసమ్మ కోడలి వంక చూసింది. హైమవతి లేచి దారిచ్చింది. ముసలావిడ వంటింట్లోంచి ఇంకో కంచంలో హైమవతి వండిన ఆ అన్నమే, ఆ పప్పే వడ్డించుకొచ్చి, నెయ్యి వేసి కలిపింది. ఇందు నోరు తెరిచింది.

"ఇంకోటి పెట్టు మామ్మా" అంది. హైమవతి చేతిలో ముద్ద అలాగే ఉంది.